వీధి ఊడ్చే మనిషిని ఫోటో తీయడం: ఒక సంవాదం

వీధిలో రోజూ కనిపించే కార్మికురాలి పనిదినాన్ని నెలల తరబడి వెంట ఉండి ఫోటోలు తీయడం డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీలో పాత దారే. ఇస్త్రీ బండి మనిషిని తీసినా, చెప్పులు కుట్టే మనిషిని తీసినా, కూరగాయల తోపుడు బండిని తీసినా తలెత్తే ప్రశ్నలు చాలావరకు ఒకటే. హైదరాబాద్ లాంటి నగరంలో వీధులూడ్చే పారిశుద్ధ్య కార్మికురాలి దగ్గరికి వచ్చేసరికి అవి మరింత పదునెక్కుతాయి. ఆ పనికి కూలితో పాటు కులం కూడా అంటుకుని ఉండటం అందుకు కారణం. కింది సంవాదంలో ఒకరిది ఫోటోగ్రాఫర్ పక్షం, రెండోవారిది పారిశుద్ధ్య కార్మిక సంఘంలో పనిచేసే కార్యకర్త పక్షం.

ఫోటోగ్రాఫర్: 1877లో జాన్ థామ్సన్ లండన్ వీధుల్లో పూలమ్మేవాళ్ళనూ పాత సామాను కొనేవాళ్ళనూ తీసిన ఫోటోలు, అడాల్ఫ్ స్మిత్ వ్యాసాలతో కలిసి ‘స్ట్రీట్ లైఫ్ ఇన్ లండన్’ పేరుతో వచ్చాయి. 1900 ప్రాంతంలో యూజీన్ అట్జే పారిస్‌లో చిన్న వృత్తులవాళ్ళను తీశాడు. జర్మనీలో ఆగస్ట్ సాండర్ 1929లో అరవై చిత్రాల పుస్తకం వేశాడు. అందులో రైతు, కూలి, పెద్దమనిషి అందరూ ఒకే తీరున, ఒకే మర్యాదతో కెమెరా ముందు నిలబడ్డారు. 1936లో నాజీలు ఆ పుస్తకం ప్లేట్లను ధ్వంసం చేశారంటే, అలాంటి సమదృష్టి అధికారానికి ఎంత గిట్టదో తెలుస్తుంది. మన దగ్గర రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద నిజాం కొలువు ఉంది, వేటలు ఉన్నాయి, మేడలు ఉన్నాయి. ఆ మేడల ముంగిళ్ళు ఊడ్చినవాళ్ళ ముఖాలు మాత్రం వెతుక్కోవాలి. గిన్నెలకు కళాయి పూసేవాళ్ళు, పత్తి ఏకే దూదేకులవాళ్ళు, తోలుసంచితో నీళ్ళు పోసిన భిస్తీలు వీధుల్లోంచి దాదాపు వెళ్ళిపోయారు. వాళ్ళ పొద్దు ఎలా గడిచిందో చెప్పే బొమ్మలు చాలా తక్కువ. పెళ్ళి ఆల్బములతో నగర చరిత్ర రాయలేం.

కార్యకర్త: అదే పందొమ్మిదో శతాబ్దంలో మన దేశం మీద ఇంకో పుస్తకం వచ్చింది. దాని సంగతి కూడా చెప్పాలి. 1868 నుంచి 1875 దాకా వలస ప్రభుత్వం ఎనిమిది సంపుటాల్లో ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’ అచ్చువేసింది. అందులో ఫోటోలు 450కి పైనే. ఒక్కో బొమ్మకు తోడుగా ఆ మనిషి కులం, తెగ, వాళ్ళ గుణం మీద దొరగారి తీర్పు. అప్పుడు కూడా చెప్పిన కారణం ఇదే, తెలుసుకోవడం, భద్రపరచడం. కాబట్టి భద్రపరుస్తున్నాం అనగానే సరిపోదు. ఎవరి అల్మారాలో, ఏ చీటీ అంటించి అనేది అడగాలి.

థామ్సన్ తీసిన పూలమ్మి కూతురు కూడా పూలే అమ్మాలని లండన్‌లో ఏ ధర్మమూ శాసించలేదు. ఇక్కడ అలా కాదు. తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా ఈ పనిలో ఉన్నవాళ్ళలో అత్యధికులు దళితులు. మాదిగలు, మాలలు, కోస్తా పట్టణాల్లో రెల్లివాళ్ళు. చీపురు చేతిలో ఉన్న ఫోటో మనకు పనిని చూపిస్తుంది, చూసే లోకానికి కులధ్రువపత్రంలా పనికొస్తుంది. అమ్మ ఏం చేస్తుందని కాలేజీలో అడిగితే ‘మున్సిపాలిటీలో ఉద్యోగం’ అని అక్కడితో ఆపే పిల్లలు ఉన్నారు. ఆ మాట అబద్ధం కాదు, ఆ పిల్లలు కష్టపడి కట్టుకున్న చాటు. మీ ప్రదర్శనలో గోడకెక్కిన ఒక్క ఫోటో ఆ చాటును లాగేస్తుంది. సెల్‌ఫోన్ల కాలంలో ఫోటో ప్రదర్శనశాలలోనే ఉండిపోదని మీకూ తెలుసు.

ఫోటోగ్రాఫర్: ఆ పిల్లల భయం న్యాయమైనదే. దానికి ఎదురు చెప్పడం కుదరదు. కానీ సిగ్గుపడాల్సింది ఎవరు? చాటు ఉన్నంతకాలం సిగ్గుపడాల్సినవాళ్ళు హాయిగా ఉంటారు. చేతులతో మలం ఎత్తించడాన్ని 1993లోనే చట్టం నిషేధించింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చాలా రాష్ట్రాలు తమ దగ్గర అలాంటిదేమీ లేదనే చెప్పుకొచ్చాయి. బెజవాడ విల్సన్ నాయకత్వంలోని సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. లేదన్నదాన్ని ఉందని చూపించడమే ఆ పోరాటానికి ఆయువుపట్టు. 2013లో కొత్త చట్టం, 2014 మార్చి 27న తీర్పు వచ్చాయి. మురుగుకాలువల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు పది లక్షల పరిహారం ఆ తీర్పు ఇచ్చినదే. 2023లో కోర్టు దాన్ని ముప్పై లక్షలు చేసింది. ముంబయిలో సుధారక్ ఓల్వే నగరపాలక సంస్థ సఫాయి కార్మికులను ఏళ్ళ తరబడి తీశాడు. తమిళనాడులో దివ్యభారతి 2017లో తీసిన ‘కక్కూస్’ డాక్యుమెంటరీకి కెమెరా పట్టిన పళనికుమార్, ఆ కార్మికులను ఫోటోల్లోనూ వదలకుండా తీస్తున్నాడు. చూపించకపోతే లేనట్టే లెక్కగట్టే ప్రభుత్వాల దగ్గర కనపడటం కూడా ఒక బలం.

కార్యకర్త: వాటినీ మీరు చేసేదాన్నీ ఒకే గాటన కట్టడం కుదరదు. అవి సాక్ష్యం కోసం తీసినవి. తీసేటప్పుడే అవి ఎవరికి చూపాలో, ఎందుకు చూపాలో తెలుసు. నిత్యజీవితం పేరుతో తీసే ఫోటోకు అలాంటి చిరునామా ఉండదు. పొద్దుటి మంచు, పసుపు దీపం, లేచిన దుమ్ములో వంగిన మనిషి. బొమ్మ బాగుంది అంటారు. దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లోకి పోతోంది, ఫోటోలో అది వెలుగైపోతోంది.

ఫోటోగ్రాఫర్: అందంగా ఉన్నంత మాత్రాన అబద్ధం కాదు.

కార్యకర్త: అబద్ధమని ఎవరన్నారు? ఎవరికి అక్కరకొచ్చిందని అడుగుతున్నది. 1936లో డొరోథియా లాంగ్ కాలిఫోర్నియాలో బఠాణీ కోతకు వచ్చిన కూలీల శిబిరం దగ్గర ఒక తల్లిని తీసింది. ప్రపంచంలో అంతకన్నా పేరున్న కూలి మనిషి ఫోటో ఉందా? అక్కడ తీసిన బొమ్మలు పత్రికలో రాగానే ప్రభుత్వం శిబిరానికి తిండిగింజలు పంపింది. అవి వచ్చేసరికి ఆ తల్లి పిల్లలతో అక్కణ్ణుంచి వెళ్ళిపోయింది. ఆమె పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. నలభై రెండేళ్ళు బొమ్మకు పేరుంది, మనిషికి లేదు. ఆ ఫోటో వల్ల తనకు పైసా రాలేదని ఆమె చెప్పుకుంది.

ఫోటోగ్రాఫర్: ఆ కథ సగంలో ఆపడం న్యాయం కాదు. ఆ నెగెటివ్ ప్రభుత్వానిది, లాంగ్ కూడా దాన్ని అమ్ముకుని తినలేదు. 1983లో ఆ తల్లి జబ్బుపడితే పిల్లలు సాయం అడిగారు. ఆ ఫోటో గుర్తున్న జనం వేల డాలర్లు పంపారు. శిబిరానికి వచ్చిన తిండి ఆమెకు అందకపోయినా అక్కడ మిగిలిన కూలీలకు అందింది. ఒక బొమ్మ తీసినప్పుడు దాని ఫలం ఆ మనిషికే, వెంటనే, కొలిచినట్టు రావాలంటే ఏ సాక్ష్యమూ నిలవదు.

అసలు మీ అభ్యంతరం ఎక్కువగా తగిలేది ఒక్క ఫోటోకు. దారిన పోతూ చీపురు కనపడగానే నొక్కి వెళ్ళిపోయేవాళ్ళకు. రోజులు, నెలలు వెంట ఉంటే దొరికేది వేరు. తెల్లారకముందు మస్టర్ దగ్గర, అంటే హాజరు తీసే చోట చేరడం, గ్రూపుగా వీధులు పంచుకోవడం. కొబ్బరి ఈనెల కట్టను కర్రకు బిగించి, వదులైనప్పుడల్లా మొదలును రోడ్డుకేసి కొట్టి సర్దుకోవడం. కర్ర పొట్టిదైతే నడుము ఎంత వంగుతుందో ఇరవై ఫోటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. వాహనాలకు వీపు పెట్టి రోడ్డు వారన ఊడ్చే మనిషికి రేడియం జాకెట్ ఉందా లేదా అన్నది చీకట్లో తీసిన ఫోటోలో తేలిపోతుంది. ఇచ్చిన గ్లౌజులు చేతికి పెద్దవై చీపురు జారుతుంటే తీసి నడుముకు దోపుకుంటారు. మోరీలోంచి తీసిన మట్టి ఎవరూ ఎత్తక గట్టు మీదే ఆరి, గాలికి మళ్ళీ మోరీలోకే పోతుంది, మర్నాడు మళ్ళీ ఆమే తీయాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఫోటోలో కనిపించనిది. పొద్దంతా వెంట తిరిగినవాడికి ఆ దారిలో ఎక్కడా ఆడమనిషి వెళ్ళగల మరుగుదొడ్డి లేదని అర్థమవుతుంది. అందుకే ఆమె దాహమైనా నీళ్ళు తాగదు. నిత్యజీవితం తీయడమంటే ఇది. పి. సాయినాథ్ పల్లెల్లో ఆడవాళ్ళ పని మీద తీసిన ఫోటోల ప్రదర్శన చూసినవాళ్ళకు గుర్తుండిపోయేది కూడా ఏ ఒక్క బొమ్మో కాదు. ఒకదాని తర్వాత ఒకటిగా వంగిన నడుములు. అవి చూశాక ఇల్లూ పొలమూ ఎవరి వీపు మీద నడుస్తున్నాయో ఎవరూ చెప్పనక్కర్లేదు.

(ఈ సంవాదం మొత్తంలో ఫోటోగ్రాఫర్ పక్షానికి ఇంతకన్నా బలమైన వాదన లేదు. ఎదుటివైపు నుంచి దీనికి నేరుగా జవాబు రాలేదన్నది గమనించాలి. వచ్చింది ఇంకో దిక్కు నుంచి.)

కార్యకర్త: ఆ గ్లౌజుల ఫోటోనే తీసుకుందాం. అది పత్రికలో వస్తుంది. పైఅధికారి చూస్తాడు. కింది శానిటరీ జవాన్‌ను పిలుస్తాడు. జవాను మర్నాడు మస్టర్ దగ్గర ఆమెను నిలబెట్టి, ఇచ్చిన గ్లౌజులు ఎందుకు వేసుకోలేదని నిలదీస్తాడు. గ్లౌజుల సైజు గురించి ఎవరూ అడగరు. వ్యవస్థ తప్పును చూపిద్దామని మీరు తీశారు, పడింది ఆమె తప్పుగా. ఆమె పర్మినెంటు కాదు, ఔట్‌సోర్సింగ్. రేపటి నుంచి రావద్దంటే అంతే.

అందుకే ఆమె ‘సరే, తీసుకోండి’ అన్నప్పుడు ఆ సరేకు ఎంత విలువ కట్టాలో ఆలోచించాలి. కెమెరా పట్టుకున్న మనిషి చదువుకున్నవాడు, బహుశా ఆ కాలనీవాడే. కాలనీవాళ్ళు ఫిర్యాదు చేస్తే హాజరు పోతుందని ఆమెకు తెలుసు. పండక్కి చీర పెట్టేదీ ఆ ఇళ్ళే, మిగిలిన అన్నం పెట్టేదీ ఆ ఇళ్ళే. వద్దనే వీలు లేనిచోట సరే అనే మాట మర్యాద మాత్రమే, అనుమతి కాదు. పైగా ఊడ్చాల్సిన దూరం లెక్కకట్టి ఇచ్చారు. మీ కోసం ఆగిన పది నిమిషాలు ఆమె చాయ్ తాగే సమయంలోంచి పోతాయి.

ఫోటోగ్రాఫర్: ఫోటో తీయకుండా ఉంటే ఆమెను ఎవరూ ఫోటో తీయరనుకుంటున్నారా? హైదరాబాద్‌లో పారిశుద్ధ్య కార్మికుల హాజరుకు మొదట వేలిముద్రలు, తర్వాత ముఖం గుర్తించే యాప్. ఆమె ముఖాన్ని రోజూ తీస్తున్నారు, ఆమె అనుమతి ఎవరూ అడగరు, తీయించుకోకపోతే కూలి రాదు. నాగపూర్, చండీగఢ్‌లలో కార్మికుల చేతికి జాడ చెప్పే గడియారాలు కట్టి ఎవరు ఎక్కడ ఎంతసేపు నిలబడ్డారో కూడా చూశారు. ఆమె పని మీద నగరం దగ్గర పోగుపడుతున్న రికార్డు అది. అందులో ముఖం ఉంటుంది, పని ఉండదు. వచ్చిందా రాలేదా అనే ఉంటుంది, నడుము నొప్పి ఉండదు. దానికి ఎదురు రికార్డు ఒకటి ఉండొద్దా?

కార్యకర్త: ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కాకపోతే ఎదురు రికార్డు అన్నప్పుడు అది ఆమె చేతిలో ఉండాలి. ఇప్పుడు రెండు కెమెరాలు అయ్యాయి, అంతే. ఒకటి జవాను ఫోన్‌లో, ఒకటి మీ మెడలో.

ఫోటోగ్రాఫర్: చేతిలో పెట్టే పద్ధతులు లేకపోలేదు. తీసినవి ముందు ఆమెకే చూపడం. మస్టర్ దగ్గర, సూపర్‌వైజర్ వినేటట్టు కాకుండా, ఇంటి దగ్గర, కుటుంబం ఉన్నప్పుడు రెండోసారి అడగడం. వద్దన్నవి తీసేయడం, అచ్చయ్యాక వద్దన్నా తర్వాతి ముద్రణల్లోంచి తీసేయడం. ఉద్యోగానికి ముప్పు తెచ్చే బొమ్మలో ముఖం, జాకెట్ మీది అక్షరాలు, వీధి బోర్డు కనపడకుండా చూడటం. కాయితం మీద ప్రింట్లు చేతికివ్వడం, ఫోన్‌కు పంపి ఊరుకోకపోవడం. పేరు వేయాలా వద్దా ఆమెనే తేల్చమనడం. పేరు లేకుండా వేయడమే మర్యాద అని తీసేవాళ్ళు అనుకుంటారు, కొంతమందికి మాత్రం పేరు కావాలి.

కార్యకర్త: ఇవన్నీ నిజంగా చేసేవాళ్ళు ఉంటే సంఘం తలుపు మూసుకోదు. కానీ అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ప్రింట్లు చేతికిచ్చి, మీకు ఎలాంటి ఫోటో కావాలమ్మా అని అడిగి చూడండి. ఈ బట్టల్లో వద్దంటుంది. ఇంటికి రండి, మంచి చీర కట్టుకుంటా, పిల్లలతో కలిపి తీయండి అంటుంది. 1950–51లో ఇర్వింగ్ పెన్ పారిస్, లండన్, న్యూయార్క్‌లలో చిన్న వృత్తులవాళ్ళను పని బట్టల్లో, పనిముట్లతో స్టూడియోకు రమ్మన్నాడు. న్యూయార్క్‌వాళ్ళు కొందరు గడ్డం గీసుకుని, ఆదివారం సూటు వేసుకుని వచ్చారని ఆయనే రాశాడు. పారిస్‌వాళ్ళు అనుమానపడుతూనే వచ్చారట, ముఖ్యంగా ఇచ్చే డబ్బు కోసం. చూశారా, అందులో రెండు నిజాలున్నాయి. కూర్చున్నందుకు కూలి అడగొచ్చు. తాను ఎలా కనపడాలో మనిషికి ఒక కోరిక ఉంటుంది. ఆ కోరికను కాదని పని బట్టల్లోనే కావాలనేది ఎవరి అవసరం?

ఫోటోగ్రాఫర్: అదే ఒప్పుకుంటే వీధి మిగలదు. మంచి చీరలో, నవ్వుతూ, పిల్లలతో ఉన్న ఫోటో ఆమె ఇంటి గోడకు కావాలి, తీసి ఇవ్వాలి, అందులో వాదన లేదు. కానీ లోకానికి చూపే బొమ్మ కూడా అదే అయితే మోరీ మాయమవుతుంది. ప్రభుత్వ పోస్టర్లలో కనపడేది సరిగ్గా ఆ కార్మికురాలే. ఇస్త్రీ చేసిన జాకెట్, కొత్త గ్లౌజులు, చిరునవ్వు. 2019 ఫిబ్రవరిలో ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో ప్రధాని ఐదుగురు సఫాయి కార్మికుల కాళ్ళు కడిగిన ఫోటో దేశమంతా చూసింది. ఆ ఫోటోలో గౌరవానికి లోటేమీ లేదు. వాళ్ళ జీతం ఎంతో, ఉద్యోగం ఎన్నాళ్ళో ఆ ఫోటో చెప్పదు. గౌరవంగా కనపడటం ఒక్కటే కొలతైతే మంచి ఫోటో అదే కావాలి.

కార్యకర్త: ఆ ఫోటోను వెనకేసుకొచ్చే ఉద్దేశం ఎవరికీ లేదు. కాళ్ళు కడగక్కర్లేదు, కాలువలోకి దించకండి అని సంఘాలు అప్పుడే అన్నాయి. మోరీ కనపడాల్సిందే. అయితే మోరీని చూపడానికి ఆమె ముఖం ఎందుకు అన్నది ప్రశ్న. మోరీని తీయండి. గ్లౌజులను తీయండి. మరుగుదొడ్డి లేని వీధి మొత్తాన్ని తీయండి. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ఆఫీసును తీయండి, ఆ కాంట్రాక్టరు నిత్యజీవితం మీద కూడా ఒక ఆల్బం రావచ్చుగా? చెత్తను విడదీయకుండా కవరులో కట్టి మేడ మీంచి విసిరే ఇళ్ళను తీయండి. కెమెరా ఎప్పుడూ కిందికే ఎందుకు చూస్తుంది?

ఫోటోగ్రాఫర్: పైకి చూడనివ్వరు కాబట్టి. కాంట్రాక్టరు గేటు దగ్గర కాపలావాడు ఉంటాడు, వీధికి గేటు లేదు. ఇది సమర్థన కాదు, ఉన్నమాట. ముఖం లేకుండా తీసిన మోరీని చూసి కార్పొరేషన్ మట్టి ఎత్తిస్తుంది, ఎత్తే మనిషి గురించి అడగదు. పేపర్లలో అలాంటి ఫోటోలు రోజూ వస్తున్నాయి, ‘అధ్వానంగా డ్రైనేజీ’ అని. అందులో బాధితులు కాలనీవాసులు. ఊడ్చే మనిషి కనపడకపోతే ఫిర్యాదు ఎప్పుడూ ఆమె మీదకే పోతుంది.

కార్యకర్త: అయితే కెమెరా ఆమె చేతికే ఇవ్వండి. పళనికుమార్ చేస్తున్నది అదే, సఫాయి కార్మికుల పిల్లలకు ఫోటోలు తీయడం నేర్పుతున్నాడు. ఇప్పుడు ఫోన్ అందరి దగ్గరా ఉంది.

ఫోటోగ్రాఫర్: అది జరగాలి, జరిగినచోట గొప్ప ఫోటోలు వచ్చాయి. కానీ పొద్దంతా ఊడ్చి, ఇంట్లో వంట చేసి, ఆపైన తన కష్టానికి సాక్ష్యం కూడా తానే పోగుచేయాలనడంలో ఒక క్రూరత్వం ఉంది. చీపురూ కెమెరా రెండూ ఒక చేత్తో పట్టలేం. వకీలు కానివాళ్ళ తరఫున వకీలు మాట్లాడినట్టు, తీయగలిగినవాళ్ళు తీయాలి.

కార్యకర్త: వకీలుకు వకాల్తా ఉంటుంది. వద్దనుకుంటే మార్చుకోవచ్చు. మీ దగ్గర ఆ కాయితం ఏది?

ఈ ప్రశ్నకు చట్టంలో ఉన్న జవాబు చిన్నది. భారతదేశంలో బహిరంగ వీధిలో ఉన్న మనిషిని ఫోటో తీయడానికి ముందస్తు అనుమతి తప్పనిసరి అని చెప్పే సాధారణ చట్టమేదీ లేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించినా, వీధిలో పనిచేసుకునే మనిషి బొమ్మ మీద ఆ హక్కు ఎంతదాకా వర్తిస్తుందో ఏ చట్టమూ విడమరచి చెప్పలేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగానో డబ్బిచ్చి తీయించుకుంటేనో తప్ప, ఫోటో మీద హక్కు తీసినవారిదే. తీసినవారు బతికి ఉన్నంతకాలం, వారు చనిపోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్ళ దాకా ఆ హక్కు ఉంటుంది. ఫోటోలో ఉన్న మనిషికి ఆ చట్టం ఏ వాటా ఇవ్వలేదు. ఎక్కడ వాడాలో చెప్పే హక్కు గానీ, అమ్మితే వచ్చే డబ్బులో భాగం గానీ, వెనక్కి తీసుకునే వీలు గానీ ఆమెకు కావాలంటే, ఫోటోగ్రాఫర్ ముందే కాయితం మీద రాసి, ఆమెకు చదివి వినిపించి, ఒక ప్రతి ఆమె చేతికివ్వాలి.